ఒకే కప్పు కింద రెండు తరాలు: హిందూపురం ప్రాంత క్రైస్తవ సంఘాల్లో టీనేజర్లు, పెద్దల మధ్య సంబంధాలపై ఒక సమీక్ష

క్రైస్తవ సంఘాల్లో టీనేజర్లకూ పెద్దలకూ మధ్య సంబంధం ఎలా ఉండాలి, దాన్ని ఎవరు, ఏ పద్ధతిలో పెంచాలి అన్న ప్రశ్న మీద గత యాభై ఏళ్లలో, ముఖ్యంగా అమెరికాలో, పరిశోధనలూ పుస్తకాలూ పుంఖానుపుంఖంగా వచ్చాయి. వాటి సారం వేదాంత కళాశాలల పాఠాల ద్వారా, యువజన సేవకుల శిక్షణ తరగతుల ద్వారా తెలుగు సంఘాలకూ చేరింది. అయితే ఆ చర్చ అక్కడి సంఘాల్లో వచ్చిన ఒక నిర్దిష్టమైన చిక్కు నుంచి పుట్టింది కాబట్టి, దాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి శ్రీ సత్యసాయి జిల్లాలోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వంటి పట్టణాల సంఘాలకు తొడిగితే కొన్నిచోట్ల బిగుతుగానూ, కొన్నిచోట్ల వదులుగానూ ఉంటుంది. ఆ చర్చ నడిచిన దారిని, అందులోని ప్రధాన వాదాలను, వాటిలో ఈ ప్రాంతానికి పనికొచ్చేదెంత, ఇంకా తేలనిదెంత అన్న సంగతిని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఇక్కడ తరాంతర సంబంధం అంటే, బంధుత్వం ఉన్నా లేకపోయినా, వయసులో కనీసం ఒక తరం ఎడమున్న ఇద్దరు విశ్వాసులు ఒకరినొకరు పేరుతో ఎరిగి ఉండడం, ఒకరి మాట మరొకరు వినడం, ఒకరి ప్రార్థనలో మరొకరి సంగతి ఉండడం అని అర్థం. ఒకే ఆరాధనలో పక్కపక్కన కూర్చోవడం ఇందులో మొదటి మెట్టు మాత్రమే. ఈ తేడాను మరిచిపోవడం వల్లనే చర్చ చాలావరకు చిక్కుపడింది.

కుటుంబాలుగా వచ్చిన సంఘం, వయసులుగా విడిపోయిన సంఘం

రాయలసీమలో ప్రొటెస్టెంట్ సంఘాల చరిత్ర లండన్ మిషన్‌తో మొదలవుతుంది. ఆ మిషన్ 1810లో బళ్లారిలోనూ, 1822లో కడపలోనూ పని మొదలుపెట్టింది. చాలాకాలం ఒక్కొక్కరుగా వచ్చినవారే తప్ప పెద్ద సంఖ్యలో ఎవరూ రాలేదు. 1850ల నుంచి కడప ప్రాంతపు మాల పాలేల్లో కుటుంబాలకు కుటుంబాలు, కొన్నిచోట్ల పాలెం మొత్తంగా, క్రైస్తవంలోకి రావడంతో పరిస్థితి మారింది. ఒంగోలు ప్రాంతంలో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆధ్వర్యంలో 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందడం ఇదే తరహా కదలికకు పేరుపడ్డ ఉదాహరణ. నిర్ణయం కుటుంబానిది, కొన్నిసార్లు కులపెద్దలది. తాతా తండ్రీ మనవడూ ఒకే పాటను ఒకే కాలంలో నేర్చుకున్నారు. తెలుగు సంఘం పుట్టుకలోనే తరాలు కలిసి ఉన్నాయని దీన్నిబట్టి చెప్పవచ్చు.

పాలెంలో ఉపదేశి పగలు బడిపంతులు, సాయంత్రం ప్రార్థన నడిపేవాడు. అక్షరం రాని పెద్దలు కీర్తనలనూ పది ఆజ్ఞలనూ వల్లెవేసి కంఠతా పట్టేవారు. బడిలో చదువుకున్న పిల్లలు గ్రంథం చదివి వినిపించేవారు. అంటే తొలి దశలో చిన్నవాడికి సంఘంలో ఒక గొంతు ఉండేది, అది అతని చదువు తెచ్చిన గొంతు. తర్వాతి తరాల్లో పెద్దలకూ చదువు వచ్చింది. ఆ గొంతు అవసరం తీరిపోయింది. దాని స్థానంలో మరొకటి ఏర్పడలేదు. ఈ విషయం మీద సంఘ చరిత్రకారులు పెట్టవలసినంత దృష్టి పెట్టలేదు.

పిల్లలను వయసును బట్టి విడదీసే పద్ధతులు ఒకదాని వెంట ఒకటి బయటినుంచి వచ్చాయి. 1780లో ఇంగ్లండులోని గ్లౌస్టర్‌లో రాబర్ట్ రైక్స్ నడిపిన సండే స్కూలు, వారమంతా పనికి పోయే పేదపిల్లలకు ఆదివారం అక్షరాలు నేర్పడానికి పెట్టినది. సంఘస్థుల పిల్లలకు వాక్యం నేర్పే తరగతిగా అది తర్వాత మారింది. 1881లో అమెరికాలోని పోర్ట్‌లండ్‌లో ఫ్రాన్సిస్ క్లార్క్ స్థాపించిన క్రిస్టియన్ ఎండీవర్ సమాజం యువకులకు ప్రత్యేకమైన ఒక పెద్ద సంస్థ. ప్రతి సభ్యుడూ ప్రతి కూడికలో ఏదో ఒక రీతిన పాల్గొనాలన్న నియమం దానికి ప్రాణం. వేసవి సెలవుల బైబిలు బడి, అంటే ఇప్పుడు ఊరూరా వి.బి.ఎస్. అని పిలుస్తున్నది, 20వ శతాబ్దం తొలి ఏళ్లలో న్యూయార్కులో రూపు కట్టింది. స్వతంత్ర భారతంలో 1954లో ఏర్పడిన భారత సువార్తిక విద్యార్థుల సమాఖ్య, అంటే యు.ఇ.ఎస్.ఐ., కళాశాల విద్యార్థులను విద్యార్థులే నడిపించుకునే కూటాలుగా చేర్చింది. వీటిలో ప్రతిదీ తన కాలానికి అవసరమైనదే. అన్నీ కలిసి మాత్రం, ఎదిగే పిల్లల బాధ్యత సంఘమంతటిది కాదు, ఫలానా విభాగానిది అన్న అలవాటును స్థిరపరిచాయి.

మూడు వాదాలు

మొదటిది వయసువారీ వాదం. టీనేజరుకు అతని భాషలో, అతని ఈడువారి మధ్య, అతని సందేహాలకు తగ్గట్టు బోధ అందకపోతే అతను నిలవడని ఈ వాదం చెబుతుంది. దీనికి శాస్త్రీయమైన ఊతంగా డొనాల్డ్ మెక్‌గావ్రన్ 1955లో 'బ్రిడ్జెస్ ఆఫ్ గాడ్' పుస్తకంతో మొదలుపెట్టిన ఆలోచనను తరచు వాడుకున్నారు. మనుషులు తమలాంటివారి మధ్యనే సులువుగా విశ్వాసంలోకి వస్తారన్నది ఆ ఆలోచన. మెక్‌గావ్రన్ మధ్య భారతంలోని దామోహ్‌లో పుట్టి, ఇక్కడి కుల సమూహాలు కుటుంబాలుగా మతం మారడాన్ని చూసి ఈ సంగతి గ్రహించాడు. ముసలివారినీ పిల్లలనూ కలిపి ఒక గూటికి చేర్చిన కదలిక నుంచి తీసిన సూత్రం, తర్వాతి కాలంలో అమెరికా నగరాల్లో వయసుకొక సంఘం పెట్టుకోవడానికి సమర్థనగా మారడం చరిత్రలోని ఒక వింత.

రెండోది కుటుంబ వాదం. 1994లో మార్క్ డెవ్రీస్, ఆ తర్వాత 2007లో వోడీ బాకమ్ రాసిన పుస్తకాలు దీనికి రెండు స్థాయిలు. డెవ్రీస్ యువజన విభాగాన్ని ఉంచుతూనే దాన్ని తల్లిదండ్రులకు తోడ్పాటుగా మలచమన్నాడు. బాకమ్ వంటివారు వయసువారీ తరగతులే అక్కరలేదనీ, తండ్రే ఇంటికి బోధకుడనీ వాదించారు. ఈ వాదానికి గట్టి ఆధారం సామాజిక శాస్త్రం నుంచి వచ్చింది. వెర్న్ బెంగ్ట్‌సన్ 1970లో మొదలుపెట్టి మూడు దశాబ్దాలకు పైగా ఒకే కుటుంబాల తరాలను వెంబడించి చేసిన అధ్యయనం 2013లో 'ఫామిలీస్ అండ్ ఫెయిత్' పేరుతో వెలువడింది. విశ్వాసం తరం నుంచి తరానికి అందడంలో తల్లిదండ్రుల ఆచరణ ఎంత కచ్చితమైనదన్న దానికంటే, పిల్లలతో వారి అనుబంధం, అందులోనూ తండ్రి చూపే ఆప్యాయత, ఎక్కువ పనిచేస్తుందని అది తేల్చింది. అవ్వాతాతల పాత్ర అనుకున్నదానికంటే పెద్దదని కూడా అందులో ఉంది. లోయి అవ్వ నుంచి యునీకేకు, ఆమె నుంచి తిమోతికి విశ్వాసం సంక్రమించిన సంగతిని ప్రసంగాల్లో వినే తెలుగు శ్రోతకు ఇది కొత్తగా తోచదు.

మూడోది తరాంతర వాదం. జాన్ వెస్టర్‌హాఫ్ 1976లోనే, మన పిల్లలకు విశ్వాసం ఉంటుందా అన్న ప్రశ్ననే పేరుగా పెట్టిన పుస్తకంలో, బడి నమూనాతో విశ్వాసం అబ్బదనీ, మూడు తరాలు కలిసి బతికే సమాజంలో అది అలవడుతుందనీ వాదించాడు. 1989లో స్టూవర్ట్ కమింగ్స్‌బాండ్ యువజన విభాగాన్ని మిక్కీ మౌస్ తలకు అంటీ అంటనట్టు ఉండే చెవితో పోల్చిన చిన్న వ్యాసం ఈ వాదానికి నినాదంలా పనికొచ్చింది. క్రిస్టియన్ స్మిత్, మెలిండా డెంటన్ 2002–03లో 13 నుంచి 17 ఏళ్ల అమెరికా పిల్లలు 3,290 మందిని సర్వే చేసి 2005లో 'సోల్ సర్చింగ్' పేరుతో ప్రకటించిన ఫలితాలు ఈ వాదానికి బలం చేకూర్చాయి. పిల్లలు మతం మీద తిరగబడడం లేదనీ, తల్లిదండ్రుల దారినే పోతున్నారనీ, కానీ తాము నమ్మేదేమిటో నోరు తెరిచి చెప్పలేకపోతున్నారనీ వారు కనుగొన్నారు. ఆ ప్రశ్న తమను ఒక పెద్దమనిషి అడగడం అదే మొదటిసారని చెప్పిన పిల్లలు అందులో ఉన్నారు. 2011లో ఫుల్లర్ సంస్థకు చెందిన కారా పవెల్, చాప్ క్లార్క్ రాసిన 'స్టికీ ఫెయిత్' దీనికి ఆచరణ రూపం ఇచ్చింది: ఒక్కో పిల్లవాడి వెనుక, తల్లిదండ్రులు కాక, సంఘంలో అయిదుగురు పెద్దలు ఉండాలి.

ఈ మూడింటినీ తూచడానికి జేమ్స్ వైట్ 1988లో చేసిన విభజన అన్నిటికంటే ఉపయోగపడుతుంది. తరాలు కలిసే సందర్భాల్లో నాలుగు రకాల సంగతులు జరగాలని అతను చెప్పాడు: అందరూ ఒకే అనుభవంలో పాలుపంచుకోవడం, ఎవరి వయసుకు తగ్గట్టు వారు ఒకే పాఠాన్ని వేరువేరుగా నేర్చుకోవడం, ప్రతి వయసువారూ తమ వంతు ఏదో ఒకటి తెచ్చి ఇవ్వడం, చివరగా ఒకరి మనసులోని మాట మరొకరితో పంచుకోవడం. ఏ సంఘమైనా ఈ నాలుగింటిలో తనకు ఏది ఉంది, ఏది లేదు అని అడిగితే సగం చిక్కు విడిపోతుంది.

హిందూపురం లెక్క వేరు

అమెరికాలో చిక్కు ఏమిటంటే, పిల్లలు వేరే గదిలో, వేరే పాటలతో, వేరే పాస్టరు దగ్గర పెరిగి, పద్దెనిమిదేళ్లు నిండాక పెద్దల సంఘంలో ముక్కూమొహం తెలియనివారవుతున్నారు. హిందూపురం ప్రాంతంలో, సి.ఎస్.ఐ. రాయలసీమ డయాసిస్‌కు చెందిన సంఘంలోనైనా, బక్త్ సింగ్ హెబ్రోను సహవాసానికి చెందిన కూడికలోనైనా, వీధి చివరి పెంతెకొస్తు మందిరంలోనైనా, అందరూ ఒకే హాలులో ఉంటారు. ఆడవారొక వైపు, మగవారొక వైపు. వయసును బట్టి గోడ లేదు. కాబట్టి వైట్ చెప్పిన మొదటి అంశం, అంటే కలిసి పంచుకునే అనుభవం, ఇక్కడ పుష్కలంగా ఉంది. కుటుంబ ప్రార్థన, ఇంటింటి కూడిక, మట్టల ఆదివారం ఊరేగింపు, పంట పండుగ వేలం, కన్వెన్షన్లలో ప్రేమవిందు అన్నీ తరాలను కలిపేవే.

మూడో అంశం, అంటే ప్రతివారూ తమ వంతు ఇవ్వడం, ఇక్కడ సగం ఉంది. క్రిస్మస్ ముందు రాత్రుల్లో క్యారల్స్ కోసం ఇల్లిల్లూ తిరిగేది పిల్లలే. నక్షత్రం కట్టేది, కుర్చీలు సర్దేది, మైకు చూసేది, ప్రొజెక్టరు మీద పాటల అక్షరాలు వేసేది కూడా వారే. ఆదివారం ఆరాధనలో ఒక పెద్దాయన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లోని పాటను తన శ్రుతిలో ఎత్తుకుంటే, కీబోర్డు ముందు కూర్చున్న పదహారేళ్ల కుర్రవాడు రెండు మూడు మీటలు నొక్కి చూసి, అది ఏ స్కేలో పోల్చుకుని, రెండో చరణానికల్లా ఆయనతో కలిసిపోతాడు. ఆ కుర్రవాడు ఆ కీర్తనను పుస్తకంలో చూసి నేర్చుకోలేదు. ఆయన పాడగా పాడగా విని నేర్చుకున్నాడు. ధర్మవరం మగ్గాల ఇళ్లలో పిల్లలు పని నేర్చుకునే తీరు కూడా ఇదే, పక్కన కూర్చుని, చేయి చూసి. అయితే ఆరాధన ముగిశాక ఆ ఇద్దరూ మాట్లాడుకునేది, మాట్లాడుకుంటే, సౌండు ఎక్కువైందన్న సంగతి మాత్రమే.

నాలుగో అంశం, అంటే మనసు విప్పి మాట్లాడుకోవడం, ఇక్కడ దాదాపు లేదు. పని ఉంది, మాట లేదు; గౌరవం ఉంది, ప్రశ్న లేదు. చర్చి కమిటీలో పిల్లలకు చోటుండదు, అది సరేననుకున్నా, వారి మీద తీసుకునే నిర్ణయాల్లో కూడా వారిని అడగడం ఉండదు. పాస్టరును అయ్యగారూ అనీ, ఆయన భార్యను పాస్టరమ్మా అనీ, మిగిలిన పెద్దలను అంకుల్, ఆంటీ, బ్రదర్ అనీ పిలిచే పిల్లలకు, ఒక చెడ్డ రోజున ఏ అంకుల్ ఇంటికి పోయి ఏం చెప్పుకోవచ్చో తెలియదు. పెద్దలు చెప్పే సాక్ష్యాల్లో వారి యౌవనకాలపు తడబాట్లు చాలావరకు మారుమనస్సుకు ముందు కథలుగానే వస్తాయి. నమ్ముకున్న తర్వాత కూడా సందేహించిన పెద్దను టీనేజరు చూడడం అరుదు.

దీనికి తోడు రెండో అంశంలో, అంటే ఎవరి వయసుకు తగ్గట్టు వారు నేర్చుకోవడంలో, ఒక లోపం ఉంది. సండే స్కూలు పన్నెండు పదమూడేళ్లకు ముగుస్తుంది. 'యూత్' లేక యౌవనస్థుల సమాజం అన్నది పెళ్లికాని ముప్పై ఏళ్లవారి దాకా ఉంటుంది, దాన్ని నడిపేదీ వారే. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలు ఈ రెంటికీ మధ్య జారిపోతున్నారు. సి.ఎస్.ఐ. సంఘాల్లో శిశు బాప్తిస్మం పొందిన పిల్లలకు ఈ వయసులోనే కన్ఫర్మేషన్ తరగతులు ఉంటాయి కాబట్టి, కనీసం కొన్ని వారాలు పాస్టరు ఎదుట కూర్చునే అవకాశం దొరుకుతుంది. విశ్వాసం ఒప్పుకున్నాకే బాప్తిస్మమనే బాప్టిస్టు, బ్రెదరన్, పెంతెకొస్తు సంఘాల్లో ఆ నిర్ణయం ఎప్పుడన్నది ఇంటివారి మీద, కన్వెన్షన్ వేడి మీద ఆధారపడుతుంది. ఒక పద్ధతిలో తరగతి ఉంది, సొంత నిర్ణయం బలహీనం. రెండో దానిలో నిర్ణయం ఉంది, తరగతి బలహీనం. రెండింటిలోనూ ఆ తర్వాత వెంట నడిచే పెద్ద ఎవరన్నది తేల్చి ఉండరు.

ఆడపిల్లల సంగతి ఇంకొంచెం వేరు. ఈడొచ్చాక రాత్రి కూడికలకు వారిని పంపడం తగ్గుతుంది, క్యారల్స్‌కు తమ్ముడు పోతాడు, అక్క ఇంట్లో ఉంటుంది. వారికి దొరికే పెద్దలు స్త్రీల కూడికలోని అమ్మలే. ఈ స్త్రీల కూడికలు నిజానికి తరాంతర సంబంధాలకు ఉన్నంతలో మంచి చోట్లు. అక్కడ ప్రార్థన అంశాలు చెప్పుకునేటప్పుడు ఇంటి కష్టాలు, జబ్బులు, అప్పులు బయటికి వస్తాయి, చిన్నపిల్ల కూడా వింటుంది. మగపిల్లలకు ఇలాంటి చోటు లేదు. ఈ విషయంలో వారి పరిస్థితే అధ్వానమని చెప్పక తప్పదు.

ఇక కాలం తెచ్చిన మార్పులు కొన్ని. పదో తరగతి పరీక్షల ఏడాదిలో ఆదివారం కూడా ప్రత్యేక తరగతులే. ఆ తర్వాత ఇంటర్మీడియట్ కోసం హాస్టళ్లకు, డిగ్రీకో ఉద్యోగానికో రైలెక్కితే దగ్గరే ఉన్న బెంగళూరుకు పిల్లలు పోతారు. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర 2019లో కియా కార్ల ఉత్పత్తి మొదలయ్యాక చుట్టుపక్కల షిఫ్టు పనులు పెరిగాయి. షిఫ్టు మనిషికి ఆదివారం ఉదయం అన్నివేళలా చేతిలో ఉండదు. తరాలు కలవవలసిన ఒకే ఒక్క పూట ఇలా రెండు వైపులా తరుగుతున్నది. ఫోనులో వచ్చే పాటలూ ప్రసంగాలూ ఆ ఖాళీని నింపుతున్నాయి, కానీ ఫోనులో బోధకుడికి ఆ పిల్లవాడి పేరు తెలియదు.

పోల్చి చూస్తే

వయసువారీ వాదంలో బలం, పిల్లల ప్రశ్నకు చోటివ్వడం. లోపం, ఆ ప్రశ్న పెద్దల చెవిన పడకపోవడం. ఈ ప్రాంతంలో జారిపోతున్న పదమూడు–పదిహేడు ఏళ్లవారికి ఒక ప్రత్యేక తరగతి అవసరమేనని ఒప్పుకుంటే, ఈ వాదం ఇక్కడ పూర్తిగా తోసిపుచ్చదగినది కాదు. కుటుంబ వాదం తెలుగు మనసుకు దగ్గరది. కానీ తండ్రి తాగుడుకు బానిసైన ఇల్లు, తల్లి ఒక్కతే సంఘానికి వచ్చే ఇల్లు, ఇంట్లో తానొక్కడే విశ్వాసి అయిన పిల్లవాడు, ఇలాంటివారు పల్లె సంఘాల్లో కొద్దిమంది కారు. తండ్రే బోధకుడన్న మాట వారికి ఊరట కాదు, నెపం. తరాంతర వాదం వీరికి ఆసరా ఇస్తుంది. అయితే ఒక పిల్లవాడికి అయిదుగురు పెద్దలన్న అమెరికా లెక్క, ముప్పై నలభై కుటుంబాల సంఘంలో పాస్టరు తప్ప తీరికున్న చదువరి దొరకని చోట, కాగితం మీదే మిగులుతుంది. ఇద్దరు దొరికినా మేలే.

తేలని సంగతులు

మొదటిది ఆధారాల ప్రశ్న. పైన చెప్పిన అధ్యయనాలన్నీ అమెరికావి. పెద్దలతో సంబంధం ఉన్న పిల్లలు విశ్వాసంలో నిలిచారని అవి చూపిస్తాయి. కానీ నిలిచే స్వభావం ఉన్న పిల్లలే పెద్దలకు దగ్గరవుతారేమో అన్న ప్రశ్న అలాగే ఉంది. ఏది కారణమో ఏది ఫలితమో విడదీయని లెక్కల మీద పథకాలు కట్టేవారు ఆచితూచి మాట్లాడాలి.

రెండోది భద్రత. పెద్దలనూ పిల్లలనూ దగ్గర చేయడమంటే ఆ దగ్గరతనాన్ని దుర్వినియోగం చేసేవారికీ దారి తెరవడమే కావచ్చు. 2012 నాటి పోక్సో చట్టం పద్దెనిమిదేళ్ల లోపు వారందరినీ పిల్లలుగానే చూస్తుంది. మతసంస్థ నిర్వాహకులు, సిబ్బంది అక్కడి పిల్లలపై చేసే లైంగిక దాడిని మరింత తీవ్రమైన నేరంగా పరిగణిస్తుంది. నేరం తెలిసీ పోలీసులకు తెలియజేయకపోవడాన్ని కూడా నేరమే అంటుంది. సంఘం పరువు పోతుందని పెద్దలే కూర్చుని సర్దుబాటు చేసే అలవాటుకు ఈ చట్టంలో చోటు లేదు. పెద్దవారు పిల్లలతో మాట్లాడేది నలుగురికీ కనిపించే చోట, తల్లిదండ్రులకు తెలిసే ఉండాలన్న నియమం రాసిపెట్టుకోకుండా ఏ సంఘమూ మార్గదర్శకుల పథకం మొదలుపెట్టకూడదు. తరాంతర వాదపు తొలి పుస్తకాలు ఈ సంగతికి ఇచ్చిన చోటు తక్కువ. అది ఆ వాదం లోపమే.

మూడోది, పాశ్చాత్య గ్రంథాల్లో ఊసే లేనిది, కులం సర్టిఫికెట్టు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారిన దళితులకు షెడ్యూల్డు కులాల హోదా ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో వారిని ఒక శాతం రిజర్వేషన్ ఉన్న బి.సి.–సి వర్గంలో చేర్చారు. హోదా పోకుండా కాగితం మీద మరో మతం రాయించుకునేవారు ఉంటారు కాబట్టి, ఉమ్మడి రాష్ట్రంలో క్రైస్తవులు 1.34 శాతమేనన్న 2011 జనగణన లెక్కను చదివేటప్పుడు కూడా దీన్ని గుర్తుంచుకోవాలి. పదో తరగతి ఫారం నింపే రోజున పిల్లవాడికి ఇంట్లో ఒక పేరు, సంఘంలో ఒక పేరు, కాగితం మీద ఒక మతం ఎందుకున్నాయన్న ప్రశ్న ఎదురవుతుంది. సత్యం పలకాలని వేదిక మీద బోధించే పెద్దలు ఈ ప్రశ్న దగ్గర మౌనం వహిస్తారు. ఆ మౌనం వెనుక చట్టం పెట్టిన అన్యాయమూ ఉంది, భయమూ ఉంది. దీని మీద ఏ నిర్ణయానికి రావాలన్నది వేరే చర్చ. కానీ పిల్లలతో దాపరికం లేకుండా మాట్లాడవలసిన మొదటి సంగతి ఇదే కావచ్చు, మిగిలిన మాటల మీద వారి నమ్మకం దీనితో ముడిపడి ఉంది కాబట్టి.

నాలుగోది అధికారం. గుడ్ ఫ్రైడే ఏడు మాటల ధ్యానంలో ఒక మాటను పదిహేడేళ్ల అమ్మాయికి ఇవ్వడానికి కొన్ని సంఘాలు సిద్ధమే, కొన్ని స్త్రీ మౌనంగా ఉండాలన్న వాక్యం చూపి ఒప్పుకోవు. పెద్దరికాన్ని వదులుకోకుండా పెద్దలు ఎంతవరకు వినగలరన్నది వేదాంతం ఒక్కటే తేల్చే విషయం కాదు.

ఈ ప్రాంత సంఘాలకు పడమటి చర్చ నుంచి తీసుకోవలసింది కలిపే పథకం కాదు, కలిసే ఉన్నవారి మధ్య మాట పెంచే క్రమం. వేరే యూత్ హాలు కోసం చందాలు ఎత్తే ముందు ప్రతి సంఘ కమిటీ ఒక కాగితం మీద సండే స్కూలు దాటిన పిల్లల పేర్లన్నీ, హాస్టల్లో ఉన్నవారివి కూడా, రాసి, ఒక్కో పేరు పక్కన తల్లిదండ్రులూ పాస్టరూ కాని, ఆ పిల్లవాడితోనో పిల్లతోనో ఈ నెలలో మాట్లాడిన ఒక పెద్ద పేరు రాసి చూడాలి. ఖాళీగా మిగిలిన పేర్లెన్నో లెక్కపెట్టి, వచ్చే సమావేశపు మొదటి అంశంగా ఆ జాబితానే పెట్టుకోవాలి.